తోడల్లుడి బొమ్మ

జూన్ 11

నాకేం బాధ లేదు. ఆ మాట ముందే రాసి పెట్టుకుంటే మంచిది, తర్వాత నా మీద నాకే అనుమానం రాకుండా.

ఇవాళ మీటింగులో మేనేజరమ్మ అసలు సంగతి బయటపెట్టింది. ఫోన్లో ఊరికే దొరికే ఏఐలు పిల్లల సందేహాలన్నీ తీర్చేస్తున్నాయట. మన పాఠాలు కొనేవాళ్ళు నెలనెలా జారిపోతున్నారట. కాబట్టి మనం కూడా సొంతంగా ఒక ఏఐ టీచరుని తెస్తున్నామట. దానికి ఒక మొహం, ఒక గొంతు కావాలి. ఎవరివో చెప్పే ముందు ఆవిడ అందరి వంకా ఒకసారి చూసింది. నా దగ్గర చూపు కాస్త ఆగినట్టనిపించింది. చొక్కా కాలరు సర్దుకున్నాను.

"ఇంకెవరు, మన స్టార్ మాస్టారే" అంది.

అంటే మా తోడల్లుడు. నా భార్య చెల్లెలి మొగుడు. ఉద్యోగం లేక తిరుగుతుంటే పాపం అని ఈ కంపెనీలో చేర్పించింది నేనే. ఏకు మేకైంది. నేను డౌట్స్ సెక్షన్లో కూర్చుని పిల్లలు పంపే ఫిజిక్స్ సందేహాలకు జవాబులు టైపు చేస్తాను, మిగిలిన టైములో వీడియో పాఠాలకు స్క్రిప్టు రాస్తాను. వాడు ఆ స్క్రిప్టుని కెమెరా ముందు నిలబడి చదువుతాడు. నవ్వితే వాడి బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఫిజిక్స్ లేదు గాని సొట్ట ఉంది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కాస్త గట్టిగానే కొట్టినట్టున్నాను, పక్క సీటు కెమిస్ట్రీ మాస్టారు నా చేతుల వంక వింతగా చూశాడు.

జూన్ 12

సొమ్మొకడిది, సోకొకడిది.

జూన్ 15

తోడల్లుడూ మరదలూ స్వీట్ల డబ్బాతో దిగారు. మా ఆవిడ చెల్లెల్ని వాటేసుకుని ఎంత మురిసిపోయిందో! నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు "అలాగా, పాలు తెచ్చారా?" అన్న మనిషి.

మామగారికి ఫోను కలిపి స్పీకర్లో పెట్టారు. "ఏమ్మా, మా చిన్నల్లుడి మొహం ఇక ఊరూరా ఫోన్లలో కనపడుతుందటగా!" అని ఆయన పెద్దగా నవ్వారు. తర్వాత నన్నూ కలుపుకోవాలని కాబోలు, "పెద్దల్లుడూ అక్కడేగా పనిచేసేది, కనపడకపోయినా" అన్నారు. మా అమ్మాయి పిట్ట ఆ మాటకి నవ్వబోయి, నన్ను చూసి ఆగింది.

"రేపట్నుంచి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నవ్వమంటారట అన్నయ్యా, ఆశ్చర్యపొమ్మంటారట, కోప్పడమంటారట. అన్నీ రికార్డు చేసుకుంటారట" అన్నాడు వాడు.

"కోప్పడటం నీకొచ్చా?" అన్నాను.

"అదొక్కటే రాదు. నువ్వు నేర్పాలి."

అందరూ నవ్వారు. పిట్ట ఈసారి ఆగలేదు. స్వీటు మాత్రం బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

జూన్ 24

బొమ్మ వచ్చేసింది. ఉద్యోగుల పిల్లలకి ఉచితం కాబట్టి పిట్ట ట్యాబులో నేనే ఎక్కించాను. తెర మీద వాడే, అదే సొట్ట, అదే నీలం చొక్కా. పిట్ట దానికి బాబాయి బొమ్మ అని పేరు పెట్టేసింది.

రాత్రి భోజనాల బల్ల దగ్గర ఒకవైపు నేను పేపరు చూస్తున్నాను, ఎదురుగా పిట్ట పదో తరగతి ఫిజిక్స్ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. కాసేపు పెన్ను కొరికి, ట్యాబు దగ్గరికి లాక్కుంది.

"బాబాయీ, రెండు బల్బులు ఒకదాని తర్వాత ఒకటి పెడితే, మొదటి బల్బే కరెంటు సగం వాడేసుకుంటుంది కదా? మరి రెండోది కూడా అంతే వెలుగుతుందేంటి?"

మంచి సందేహం. పిల్లలందరికీ వచ్చేదే. దానికి నేను ఆఫీసులో కొన్ని వందలసార్లు జవాబు రాసుంటాను. పేపరు దించి చూశాను. పిల్ల నా వంక చూడనేలేదు.

"మీ నాన్న ఎదురుగానే ఉన్నారుగా, అడగొచ్చుగా" అంది మా ఆవిడ, వంటింట్లోంచి.

"నాన్న పేపరు చదువుకుంటున్నారమ్మా."

బొమ్మ "చాలా మంచి ప్రశ్న!" అని మొదలుపెట్టి సూత్రమొకటి చెప్పింది. పిట్ట మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పింది. ఇంకోసారి అంది. ఇంకోసారి చెప్పింది, నవ్వుతూనే. యంత్రానికి విసుగేముంటుంది? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు, అంతే.

జూన్ 26

డౌట్స్ సెక్షన్లో ఇవాళ సందేహాలు చాలా తక్కువ వచ్చాయి. లెక్కల మాస్టారి కుర్చీ ఖాళీ. ఆయన రాడని ఎవరూ చెప్పలేదు, కుర్చీ మాత్రం మూలకి జరిపారు. కెమిస్ట్రీ మాస్టారు గళ్ళనుడికట్టు నింపుకుంటూ, "అసూయకి ఇంకో మాట చెప్పండి, ఐదు అక్షరాలు" అన్నాడు.

"నాకేం తెలుసు?" అన్నాను. అన్న తర్వాత గొంతు పెద్దదైందని తెలిసింది.

జూన్ 28

నాది మధ్యాహ్నం డ్యూటీ. పిల్ల బడికి, ఆవిడ మందుల షాపులో ఉద్యోగానికి వెళ్ళాక పొద్దున ఇంట్లో నేనే. ట్యాబు బల్ల మీద ఉంది. ఎలా పనిచేస్తోందో చూద్దామని తెరిచాను. మన కంపెనీ సరుకు, చూడటం మన బాధ్యత.

పిట్ట అడిగిన బల్బుల ప్రశ్నే మళ్ళీ అడిగాను. అదే ఎండుపుల్ల జవాబు. తప్పు కాదు, అలాగని ఏ పిల్లకీ తలకెక్కదు. కింద "జవాబు నచ్చిందా?" అని రెండు మీటలు. నచ్చలేదని నొక్కాను. "ఎలా ఉండాలో చెప్పండి" అని గడి తెరుచుకుంది. అక్కడ రాశాను: కరెంటుని సైకిల్ చైనులా అనుకో. చైను ముందుచక్రం దగ్గరా వెనకచక్రం దగ్గరా ఒకే వేగంతో తిరుగుతుంది, దారిలో ఎక్కడా అరిగి మాయం కాదు. తొక్కేవాడి శ్రమే దాని ద్వారా చక్రానికి అందుతుంది. ఒకే చైనుతో రెండు చక్రాలు తిప్పితే తొక్కడం కష్టమవుతుంది, రెండూ నెమ్మదిగా తిరుగుతాయి. బల్బులూ అంతే, రెండూ సమానంగా మందగిస్తాయి.

(సైకిలుకి ముందుచక్రం దగ్గర చైను ఉండదని తర్వాత గుర్తొచ్చి, పెడలు దగ్గర అని దిద్దాను.)

మాస్టారుగా రాశాను. ఇందులో ఇంకే ఉద్దేశమూ లేదు.

జూలై 3

తప్పు చేసింది! బ్రేకు వేస్తున్న రైల్లో బంతి పైకి విసిరితే ఎక్కడ పడుతుందని అడిగాను. చేతిలోనే పడుతుందంది. రైలు ఒకే వేగంతో పోతుంటే చేతిలో పడుతుంది. బ్రేకు వేస్తే రైలు నెమ్మదిస్తుంది గాని గాల్లో ఉన్న బంతి నెమ్మదించదు కదా, ముందుకెళ్ళి పడుతుంది. బ్రేకు సంగతి చదవకుండానే నోరు తెరిచింది.

గడిలో ఇలా రాశాను: "ముందు ప్రశ్న పూర్తిగా చదివావా? బ్రేకు అని రాశానుగా. చదవడం రానివాడికి చెప్పడం ఎందుకు?" ఆఫీసులో ఏ పిల్లకైనా ఇలా రాస్తే నా ఉద్యోగం ఊడుతుంది. దీనికి రాయొచ్చు. తోడల్లుడి మొహం "క్షమించండి, నాదే పొరపాటు" అంది. ఇంకోసారి అనిపించాను. హాయిగా బస్సెక్కి ఆఫీసుకి పోయాను, నిలబడి వెళ్ళినా కాళ్ళు నొప్పెట్టలేదు.

జూలై 4

ఇవాళ కూడా కాస్త దిద్దాను.

జూలై 8

ఇవాళా.

జూలై 14

మధ్యాహ్నం బయల్దేరబోతుంటే పిట్ట బడి నుంచి ముందే వచ్చేసింది, ఏదో సెలవు ఇచ్చారట. సంచి పడేసి నా చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, బాబాయి బొమ్మ నిన్న ఎంత బాగా చెప్పిందో తెలుసా! కరెంటంటే సైకిల్ చైనట! ఎక్కడా ఖర్చైపోదట. తొక్కేవాడి బలం మాత్రం చక్రానికి వెళ్తుందట. ఇవాళ క్లాసులో నేనే చెప్పాను, టీచరు ఎంత మెచ్చుకుందో!"

నిలబెట్టి మొత్తం చెప్పింది. రెండు చక్రాలు, సమానంగా మందగించడం, అన్నీ.

"అర్థమైందా నాన్నా?"

"అయింది" అన్నాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. బాబాయికి ఫోను చేసి థ్యాంక్స్ చెప్పింది. వాడు స్పీకర్లో "ఇందులో నాదేముందమ్మా" అన్నాడు. అక్షరాలా నిజం. కాని వినేవాళ్ళకి వినయంలా వినిపించింది.

కడుపులో మంట అంటే మందుల షాపులో దొరికే మాత్రతో తగ్గేది అనుకునేవాణ్ణి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చెప్పినది నేను కదా, నేను కదా అని నాలో నేనే అనుకుంటూ స్టాపు దాటిపోయాను.

జూలై 15

ఇక మంచి మాట ఒక్కటి కూడా దానికి ఇవ్వను. కూర్చున్న కొమ్మని నరుక్కోవడానికి నాకేం పిచ్చా? తప్పులు మాత్రం పడతాను. తిట్టడానికి తెలివి ఇవ్వక్కర్లేదు కదా.

జూలై 22

ఇవాళ తెరవగానే బొమ్మే ముందుగా అంది: "నీకు సూటిగా, గట్టిగా చెప్తే నచ్చుతుందని గుర్తుపెట్టుకున్నాను." చిరునవ్వు కూడా తగ్గించింది. సొట్ట కనపడలేదు.

చాలా రోజుల తర్వాత పకపకా నవ్వాను.

జూలై 27

భోజనాల దగ్గర పిట్ట అంది: "ఈమధ్య బాబాయి బొమ్మ అచ్చం నాన్నలా తయారైందమ్మా."

"అంటే?" అంది మా ఆవిడ.

"ఏదడిగినా 'ముందు ప్రశ్న పూర్తిగా చదివావా?' అంటోంది. మళ్ళీ చెప్పమంటే, ఇందాకే చెప్పానుగా అంటోంది."

నాకు మొదట ఆ 'నాన్నలా' అన్నది పొగడ్తలా వినపడింది. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ నా వంక చూస్తూనే ఉంది. ఆవిడకి ఏమీ తెలియదు. తెలిసే అవకాశం లేదు.

ఎలాగైతేనేం, బొమ్మ మోజు తీరింది. ఇక పిల్ల నా దగ్గరికి రాక ఎక్కడికి పోతుంది?

జూలై 28

పేపరు మడిచి పక్కన పెట్టి కూర్చున్నాను. రాలేదు.

జూలై 29

రాలేదు. సెలవే కదా అని పొద్దుటి నుంచీ బల్ల దగ్గరే ఉన్నాను.

ఆగస్టు 1

నేనే అడిగాను.

"ఏమ్మా, డౌట్లేమైనా ఉన్నాయా?"

"లేవు నాన్నా."

"మరి బొమ్మని కూడా అడగట్లేదేం?"

"అక్కర్లేదు. అన్నీ అర్థమవుతున్నాయి."

పుస్తకం మూసి లోపలికి వెళ్ళింది. తెలివైన పిల్ల, సొంతంగా చదువుకుంటోంది. అలాగే ఉండాలి.

ఆగస్టు 5

డౌట్స్ సెక్షన్ మూసేశారు. మెయిలు వచ్చింది. దాని గురించి రాయడానికేం లేదు.

రాయడానికున్నది ఇది: తోడల్లుణ్ణి కూడా తీసేశారు. మొహమూ గొంతూ వాళ్ళ దగ్గర ఉన్నాయి, ఇక మనిషెందుకు? మేనేజరమ్మే పిలిచి మెత్తగా చెప్పిందట. ఆ మాట చెవిన పడగానే సంతోషించాను. సిగ్గుచేటే గాని, సంతోషించాను.

సంతోషం లిఫ్టు దాకా కూడా నిలవలేదు. వాడు పూలగుత్తి పట్టుకుని లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నాడు. వాడికి పూలగుత్తి ఇచ్చారు. మాకు మెయిలు.

"పట్టుకో అన్నయ్యా, వదినకిద్దాం" అని సగం పూలు తీసి నా చేతిలో పెట్టాడు. మోసుకొచ్చాను.

ఆగస్టు 8

బడిలో పెట్టిన పరీక్ష పేపరు పిట్ట సంచిలో మా ఆవిడకి దొరికింది. ఫిజిక్స్ సగం పేజీలు తెల్లగా ఉన్నాయి. తప్పులు కావు, అసలు రాయనేలేదు. నేను ముందుగా చూసింది బల్బుల ప్రశ్న. అదొక్కటీ చక్కగా రాసింది, చైనుతో సహా.

ఇద్దరం పిలిచి కూర్చోబెట్టాం. కేకలెయ్యకూడదని ఆవిడ నాకు ముందే కనుసైగ చేసింది.

"వచ్చినంత రాయొచ్చుగా?" అన్నాను.

"తప్పు రాస్తే ఇలా ఎందుకు రాశావంటారు. రాయకపోతే ఏమీ అనరు."

"అర్థం కాకపోతే అడగాలి తల్లీ."

"ఎవర్ని?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అంది.

"నేను లేనూ?"

"నిన్నడిగితే నువ్వు ఊపిరి వదుల్తావు నాన్నా."

"ఊపిరి వదలకుండా ఎలా బతుకుతానే?"

"అలా కాదు." భుజాలు పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి చూపించింది. మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగింది. అచ్చంగా నేనే. నేను అలా ఉంటానని నాకెవరూ చెప్పలేదు.

"బొమ్మ అలా చేసేది కాదు. ఎన్నిసార్లడిగినా ఏమనేది కాదు. అందుకే దాన్నడిగేదాన్ని. తర్వాత అదీ అలానే అయిపోయింది. అంటే నేనే మరీ మొద్దునేమో అనుకున్నా. మిషనుకే విసుగొచ్చిందంటే!"

దాని విసుగు నాదని చెప్పడానికి నోరు తెరిచాను. పిట్ట అప్పటికే లేచి వెళ్ళిపోయింది. పిలిచి చెప్పొచ్చు. పిలవలేదు.

ఆగస్టు 9

ట్యాబులో బొమ్మ గుర్తుపెట్టుకున్నదంతా తుడిచేశాను. మళ్ళీ సొట్ట వచ్చింది. మళ్ళీ "చాలా మంచి ప్రశ్న!" వచ్చింది. పిట్ట ముందు పెట్టి, "చూడు, బాగుచేశాను, ఇప్పుడడుగు" అన్నాను.

"వద్దులే నాన్నా."

"ఇప్పుడు ఏమీ అనదమ్మా."

"అప్పుడు కూడా మొదట్లో ఏమీ అనలేదు."

అదేం చేసిందో చెప్పేశాను. అంటే, నేనేం చేశానో. పొద్దున పూట దాన్ని ఎలా తిట్టానో, అది ఎవరి నోటితో ఎవరికి తగిలిందో. పిట్ట విన్నది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "అయితే నేను మొద్దుని కాదా?" అని మాత్రం అడిగింది. కాదన్నాను. తల ఊపింది. నమ్మినట్టు లేదు.

పుస్తకం మాత్రం తెరవలేదు.

ఆగస్టు 10

తోడల్లుడికి ఫోను చేశాను. చేసే ముందు రెండుసార్లు ఫోను కింద పెట్టాను.

"రేపు ఒకసారి రాగలవా? పిట్టకి ఫిజిక్స్ చెప్పాలి."

"అన్నయ్యా, నాకు ఫిజిక్స్ రాదుగా."

"తెలుసు."

"మరి నేనొచ్చి ఏం చెయ్యాలి?"

"పిల్ల పక్కన కూర్చో. అది నీ దగ్గర నవ్వుతుంది" అన్నాను. ఆ మాట పైకి అనడానికి నాకెంత కష్టమైందో దేవుడికే తెలుసు. వాడేమో "ఓస్, అంతేనా" అన్నాడు.

ఆగస్టు 11

వచ్చాడు. నీలం చొక్కా. ఆ చొక్కా కంపెనీ వాళ్ళు తీసుకోలేదన్నమాట.

బల్లకి ఒకవైపు నేను, ఎదురుగా వాడూ పిట్టా. పిట్ట పుస్తకం మీద గడ్డం ఆనించి కూర్చుంది. నేను పాఠం మొదలుపెట్టాను. రెండో వాక్యంలోనే వాడు చెయ్యెత్తాడు, బళ్ళో పిల్లాడిలా.

"అన్నయ్యా, రెసిస్టెన్స్ ఉంటే మంచిదా, లేకపోతే మంచిదా?"

"దేనికి మంచిది?"

"మామూలుగా."

వివరించాను. తీగ, వేడి, హీటరు, అన్నీ. వాడు శ్రద్ధగా విని, "మరి మంచిదా కాదా?" అన్నాడు.

భుజాలు పైకి లేస్తున్నాయని నాకే తెలిసింది. పిట్ట పుస్తకం చూడటం లేదు. నా మొహమే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా. లోపల నిండిన గాలిని ఏం చెయ్యాలో తెలియక దగ్గాను. మంచినీళ్ళు తాగాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. వాడు మూడోసారి కూడా అడిగాడు, ఏ మొహమాటమూ లేకుండా. అప్పుడూ దగ్గాను.

"నువ్వు ఈ పాఠం కెమెరా ముందు చెప్పావు కదరా! చదివేటప్పుడు అర్థం కాలేదా?"

"ఎక్కడ నవ్వాలో నువ్వు రాసుంచేవాడివి కదన్నయ్యా. అక్కడ నవ్వేవాణ్ణి, అంతే."

పిట్ట ఒక్కసారిగా నవ్వింది. పుస్తకం మీద పడి మరీ నవ్వింది. ఎన్ని రోజులైందో ఆ నవ్వు విని. అది వాడి మాటకి వచ్చింది, నా పాఠానికి కాదు.

నవ్వు ఆగాక పుస్తకం వెనక్కి, వెనక్కి తిప్పింది. నేను చెప్తున్న పేజీ దాటి, బల్బులు దాటి, పాఠం మొదటి పేజీ దాకా వెళ్ళింది. అక్కడ ఒక మాట కింద వేలు పెట్టింది.

"అసలు వోల్టేజ్ అంటే ఏంటి బాబాయీ?"

దాని మీదే పాఠమంతా నడుస్తుంది. అది తెలియకుండా ఈ పిల్ల ఇన్నాళ్ళూ ఎలా కూర్చుందో!

వాడు నా వంక చూశాడు. నేను చెప్పాను. నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో, ఇంతవరకూ ఏ స్క్రిప్టులోనూ రాయనంత బాగా చెప్పాను. పిట్ట మధ్యలో ఆపి మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను. అంతసేపూ అది వాడి వంకే తిరిగి వింది. వాడు తల ఊపితే తానూ ఊపింది.

కడుపు మండింది, ఎందుకు దాచాలి. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వెళ్ళి, రేపు కూడా రమ్మని వాడికి చెప్పాను.